గుంటూరు సీమలో ఇంటి పని, పొరుగు మాట

ఇంటి పని పెట్టుకున్నవారికీ పక్కింటివారికీ మధ్య తగాదా ఇల్లంత పాతది. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానంలో దాని కారణాలు కాలానికో తీరుగా మారుతూ వచ్చాయి. పూరిళ్ల కాలంలో చూరు నీళ్లు, నిప్పు, హద్దు; సున్నపు మేడల కాలంలో గానుగ, గచ్చు దెబ్బలు; సిమెంటు కాలంలో మిల్లరు మోత; అపార్ట్‌మెంట్ల కాలంలో డ్రిల్లింగ్, దుమ్ము. పొరుగువారిని మంచి చేసుకునే పద్ధతులూ వీటితోపాటే మారాయి. పని మొదలుకాకముందే కబురు చెప్పడం ఒక్కటే అన్ని కాలాల్లోనూ నిలిచిన ఆనవాయితీ. ఆ కబురు చాలని చోటికే చట్టాలు వచ్చాయి.

పాత గ్రంథాల్లో పొరుగు

ఇళ్ల మధ్య వదలాల్సిన ఎడం గురించి వివరంగా చెప్పిన పాత గ్రంథం కౌటిల్యుని అర్థశాస్త్రం. దాని మూడో అధికరణంలో ఇళ్ల నిర్మాణానికి విడిగా ఒక అధ్యాయం ఉంది. పక్కవాడి గోడకు ఎంత దూరంలో కట్టాలి, నీళ్లు ఎటు పోవాలి, నియమం తప్పితే జరిమానా ఎంత అన్నవి అందులోని విషయాలు. ఇళ్లు, స్థలాల తగాదాలను ఇరుగుపొరుగు సాక్ష్యం మీదే తేల్చాలని ఆ గ్రంథం చెబుతుంది. ఇళ్లవాళ్లు తమలో తాము కూడబలుక్కుంటే ఇష్టమైనట్టు కట్టుకోవచ్చనీ, ఒకరి వల్ల మరొకరికి కీడు కలగకుండా చూసుకుంటే చాలనీ వెసులుబాటు కూడా ఇస్తుంది. అంటే కొలతల కన్నా ఒప్పందానికే అక్కడ పెద్దపీట.

యాజ్ఞవల్క్య స్మృతిలోని సీమావివాద ప్రకరణం పొలం గట్ల తగాదాలను చుట్టుపక్కలవాళ్లు, పెద్దలు, పశువులు కాసేవాళ్లు చెప్పే మాట మీద తీర్చాలంటుంది. ఇళ్లకు, బావులకు, వాననీటి కాలువలకు కూడా అదే పద్ధతి వర్తిస్తుందని చేరుస్తుంది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ కావ్యం పేరు విజ్ఞానేశ్వరీయం. తిక్కనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కవి ఈయనే. ఇరుగుపొరుగు వ్యవహారం సంస్కృత పండితులకే పరిమితం కాకుండా తెలుగులో చదివి తెలుసుకునే విషయంగా అప్పటికే మారింది.

పూరిళ్లు, మట్టి గోడలు

20వ శతాబ్దం సగం గడిచేదాకా ఈ మైదానపు పల్లెల్లో ఎక్కువ ఇళ్లు మట్టి గోడలవే. బాపట్ల, చీరాల, రేపల్లె వైపు తీరంలో తాటాకు కప్పు, లోపలి పల్లెల్లో గడ్డి కప్పు, కలిగినవారికి పెంకుటిల్లు, మెట్ట ఊళ్లలో మట్టి మిద్దె. తడిపి తొక్కిన మట్టిని వరుస మీద వరుసగా పేర్చి, ఒక వరుస ఆరాక ఇంకొకటి పెట్టేవారు. ఈ పనిలో చప్పుడు రోకలి పోటును మించేది కాదు. పైగా రెండడుగుల మందం ఉన్న మట్టి గోడ పక్కింటి మాటలను కూడా చాలావరకు మింగేసేది.

గడ్డి కప్పు ఎక్కువకాలం నిలవదు. వానలు పడకముందే, ఎండాకాలంలో ఇల్లు మళ్లీ కప్పుకోవాలి. ఈ పనిని ఇరుగుపొరుగు బదుళ్ల మీద చేసుకునేవారు. ఈ రోజు ఒకరి కప్పు మీదికి నలుగురు ఎక్కితే, రేపు ఆ ఇంటివాడు ఆ నలుగురి ఇళ్లకూ వెళ్లాలి. మధ్యాహ్నం భోజనం ఇంటివారిది. పక్కింటివాడే పనివాడైనప్పుడు దుమ్ము మీద ఫిర్యాదు చేసేవాడు ఉండడు. పొరుగును మంచి చేసుకోవడానికి ఆ కాలం కనిపెట్టిన గట్టి ఉపాయం ఈ బదుళ్ల పద్ధతే.

తగాదాలు వచ్చేది వేరే చోట. ఒకరి చూరు నుంచి జారే నీరు ఇంకొకరి మట్టి గోడ మొదట్లో పడితే ఆ గోడ రెండు మూడు వానాకాలాలకే కూలుతుంది. అందుకే చూరు నీళ్లు ఎవరి జాగాలో వారికి పడాలన్నది ఊరంతా ఒప్పుకున్న నియమం. రెండోది నిప్పు. ఎండాకాలంలో ఒక కప్పు అంటుకుంటే గాలివాటున వరుసంతా కాలిపోయేది. కొత్త పాక వేసేవాడు పొయ్యి ఎటు పెడతాడన్నది పక్కింటివాడు అడిగి తెలుసుకునే విషయం. హద్దు తేలకపోతే ఊరి పెద్దలు కూర్చునేవారు, కరణం లెక్కలు తీసేవాడు. కరణం, మునసబు పదవులను రాష్ట్ర ప్రభుత్వం 1984 జనవరిలో రద్దు చేసేదాకా ఈ ఏర్పాటు ఏదో ఒక రూపంలో సాగింది.

సున్నం వచ్చాక

ఇంటి పనికి పెద్ద చప్పుడు అలవాటైంది పట్టణాల్లో, ఇటుక, సున్నంతో. గుంటూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది. తెనాలి, నరసరావుపేట మున్సిపాలిటీలు 20వ శతాబ్దం తొలినాళ్లలో వచ్చాయి. పాత గుంటూరుకు ఎడంగా బ్రాడీపేట, అరండల్‌పేట గళ్లు గీసినట్టు నిలువు వీధులు, అడ్డరోడ్లతో పెరిగాయి. ఇంటి చిరునామా ఇప్పటికీ అక్కడ లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు కలిపి ‘4/14’ అన్నట్టుగానే చెబుతారు. అలా ఒకే వరుసలో, ఒకే కొలతలో స్థలాలు కోసినప్పుడు ప్రతి ఇంటికీ రెండు వైపులా పొరుగు ఖాయం.

పల్నాటి సున్నపురాయి బట్టీల్లో కాలి పట్టణాలకు చేరేది. పిడుగురాళ్ల ఇప్పటికీ సున్నం బట్టీలకు పేరున్న ఊరు. ఇల్లు కట్టే చోటే, లేదా వీధి చివర ఖాళీ జాగాలో, గుండ్రంగా కాలువ తవ్వి రాతిచక్రం పెట్టి ఎడ్లతో గానుగ తిప్పించేవారు. సున్నం, ఇసుక అందులో నలిగి డంగు సున్నం అయ్యేది. చక్రం గీర రోజంతా వినపడేది.

దానికన్నా గట్టి చప్పుడు మేడ కప్పుది. మద్రాసు టెర్రస్ అనే ఆ పద్ధతిలో టేకు దూలాల మీద పలచని ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా సున్నంలో కూర్చేవారు. వాటి మీద ఇటుక ముక్కల కాంక్రీటు పరిచేవారు. తర్వాత ఆడకూలీలు వరుసగా కూర్చుని చెక్క బడితెలతో ఆ పొరను రోజుల తరబడి కొట్టేవారు. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతూ, పొర గట్టిపడి బడితె ఎగిరిపడేదాకా ఆ దెబ్బలు ఆగేవి కావు. కప్పు కారకుండా ఉండడానికి ఇదే ఆధారం కనుక ఇంటివారు దీన్ని తగ్గించుకోలేరు, పొరుగువారు తప్పించుకోలేరు. అయితే దెబ్బలు కూలీల పాట లయకు పడేవి. చీకటి పడితే పని ఆగేది. ఎన్నాళ్లు సాగుతుందో వీధికి ముందే తెలిసేది.

ఆ కబురు శంకుస్థాపన పిలుపుతోనే అందేది. ఇంటి ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచేవారు. ముహూర్తానికి వచ్చి అక్షింతలు వేసిన పొరుగువారికి తర్వాతి నెలల చప్పుడు కొత్త విషయం కాదు. ఇసుక వాళ్ల వాకిట్లో పోసుకోవాలన్నా, వాళ్ల బావి నీళ్లు తోడుకోవాలన్నా అడిగే చనువు ఆ పిలుపుతోనే వచ్చేది. గృహప్రవేశం నాటి భోజనాలతో ఆ బాకీ తీరేది.

ఇదే కాలంలో చట్టమూ అడుగుపెట్టింది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మొదట అమలైన ప్రాంతాల్లో మద్రాసు రాజధాని ఒకటి, ఈ జిల్లాలు అందులోవే. ఒక ఇంటికి కిటికీ గుండా వెలుతురు, గాలి 20 ఏళ్లు అడ్డులేకుండా అందితే అది హక్కుగా స్థిరపడుతుందని ఆ చట్టం చెబుతుంది. చూరు నీళ్లు, దారి, గోడకు ఆనిక వంటివి కూడా దాని పరిధిలోకే వచ్చాయి. 1884లోనూ 1920లోనూ వచ్చిన మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టాలతో పట్టణాల్లో ఇంటి పనికి పురపాలక సంఘం అనుమతి అవసరమైంది. ఈ చట్టాలన్నీ స్థలం, నీరు, వెలుతురు గురించే ప్రధానంగా ఆలోచించాయి. ఇంటి పని చప్పుడు వాటికి ఇంకా పెద్ద సమస్య కాదు.

నల్లరేగడి, బీటలు

ఈ ప్రాంతంలో మరమ్మతులు తరచుగా రావడానికి నేలే ఒక కారణం. పత్తికీ మిరపకూ అచ్చొచ్చిన నల్లరేగడి ఇంటి పునాదికి అచ్చిరాదు. అందులోని బంకమన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. తక్కువ లోతు పునాది దానితోపాటు లేచి దిగుతుంటే గోడలు మూలల్లో, కిటికీల పైన బీటలు తీస్తాయి. పునాది గోతిలో నల్లమట్టి తీసేసి ఇసుక నింపడం పాత ఉపాయం. రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదిని రూపొందించింది. చేతి బరమాతో కూడా దీని గొయ్యి తవ్వవచ్చు కనుక సమ్మెట పోట్ల బాధ పక్కింటికి తగలదు.

బీట మీద వచ్చే తగాదాకు మందు దొరకడం కష్టం. పక్కింట్లో గోడ కొట్టిన వారానికి ఇక్కడ గోడ చీలితే నెపం గునపం మీదికే పోతుంది. అది ఆ దెబ్బలకే వచ్చిందా, ఎండాకాలంలో నేల కుంగడం వల్ల వచ్చిందా అన్నది తర్వాత తేల్చలేరు. అందుకే అనుభవమున్న మేస్త్రీలు పని మొదలుపెట్టే ముందే ఇంటివారిని, పక్కింటివారిని కలిపి గోడలు చూపించి, ఉన్న బీటలకు గుర్తులు పెడతారు. ఇప్పుడు ఫోన్‌లో ఫొటోలు తీస్తున్నారు. ఇంగ్లండులో 1996 నాటి ఉమ్మడి గోడల చట్టం కింద ఇలాంటి పరిశీలన నివేదిక తయారుచేయడం రివాజు. ఉమ్మడి గోడ పనికి రెండు నెలల ముందు, పక్కనే పునాది తవ్వకానికి నెల ముందు నోటీసు ఇవ్వాలని ఆ చట్టం కోరుతుంది.

తవ్వకం లోతు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. 2016 మే నెలలో గుంటూరు లక్ష్మీపురంలో ఒక భవనం కోసం తవ్విన గోతిలో మట్టిపెళ్లలు విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. సెల్లార్ తవ్వకం చప్పుడు కన్నా, అది పక్క నేలకు ఆనిక తీసేయడమే పొరుగువారు ముందుగా అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

సాగరు నీళ్లు, సిమెంటు

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం మెట్ట భూములకు అందింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో పత్తి, మిరప డబ్బు పల్లెల్లో డాబాలుగా మారింది. మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం 1958లోనే మొదలైంది. గచ్చుకు మాచర్ల బండలు, తర్వాత చీమకుర్తి నల్లరాయి దగ్గరలోనే దొరికాయి. 1977 నవంబరు 19 ఉప్పెన తీరంలోని పూరిళ్లను ఊడ్చుకుపోయాక గట్టి కప్పు అవసరం అందరికీ తెలిసివచ్చింది.

సిమెంటు ఇంటి పనిలో అన్నిటికన్నా మోత స్లాబు రోజుది. కాంక్రీటు పోత మధ్యలో ఆగితే పాత పొరకూ కొత్త పొరకూ అతుకు సరిగా కుదరదు, అక్కడే కప్పు కారుతుంది. అందుకే తెల్లవారుజామున మొదలైన పని రాత్రయినా పూర్తి కావాల్సిందే. మిల్లరు, వైబ్రేటరు, ముఠా కూలీల కేకలు రోజంతా ఉంటాయి. పొరుగువారు దీన్ని ఓర్చుకోవడానికి కారణం అది ఒక్క రోజే కావడం, ఏ రోజో ముందే తెలియడం. వీధిలో బళ్లు తీయించడం, కరెంటుకో నీళ్లకో పక్కింటి సాయం అడగడం, మధ్యాహ్నం వాళ్లనూ భోజనానికి పిలవడం స్లాబు రోజు మర్యాదలు. తర్వాత రోజుల తరబడి కప్పు మీద నీళ్లు కట్టి తడపాలి కనుక, ఆ నీరు పక్క వాకిట్లోకి జారకుండా చూడటం కూడా వాటిలో ఒకటి.

అపార్ట్‌మెంట్లు

ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో బ్రాడీపేట, లక్ష్మీపురం, విద్యానగర్, పట్టాభిపురం వీధుల్లో పాత పెంకుటిళ్లు, మేడలు ఒక్కొక్కటే పడగొట్టి ఫ్లాట్లు లేపారు. గుంటూరు 1994లో నగరపాలక సంస్థ అయింది, ఒంగోలు 2012లో. 2014 తర్వాత అమరావతి రాజధాని ప్రకటనతో గుంటూరు, విజయవాడల మధ్య ఈ జోరు ఇంకా పెరిగింది.

అపార్ట్‌మెంటులో పొరుగు రెండు వైపులకే పరిమితం కాదు. పైన, కింద కూడా ఉంటుంది. గోడలు నాలుగున్నర అంగుళాల మందానికి తగ్గాయి. స్తంభాలు, దూలాలు, స్లాబులు ఒకే ముక్కగా పోసినవి కావడంతో నాలుగో అంతస్తులో డ్రిల్లింగ్ మెషీన్ గోడకు తగిలితే అదురు కాంక్రీటు వెంట కిందిదాకా దిగుతుంది. గాలిలో వచ్చే చప్పుడును తలుపు మూసి ఆపవచ్చు, కాంక్రీటు వెంట వచ్చే అదురును ఆపలేరు. ఏ ఫ్లాటులో పని జరుగుతోందో కూడా చాలాసార్లు తెలియదు.

ఒక స్నానాలగది మార్చడాన్ని తీసుకుంటే ఈ తేడా తెలుస్తుంది. మొదట పాత టైల్స్ పీకడం, బ్రేకరుతో గచ్చు లేపడం. ఇది అన్నిటికన్నా కఠినమైన మోత, అయినా మనుషులు సరిపడా ఉంటే త్వరగా ముగుస్తుంది. తర్వాత పైపులకు గోడలో గాడి కొట్టడం. ఆపైన తడి కారకుండా పూత వేసి, గదిలో నీళ్లు కట్టి పరీక్షించడం. ఇది నిశ్శబ్దంగా సాగే పని. చివర కొత్త టైల్స్ కోయడం. పొడిగా కోస్తే కీచుమనే చప్పుడుతోపాటు ఇల్లంతా తెల్లటి దుమ్ము. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము సగం పైగా అణుగుతుంది. ఈ వరుస తెలిసిన ఇంటివారు ‘నెల రోజులు పని’ అని చెప్పరు. గట్టి మోత ఏ రెండు మూడు రోజులో చెబుతారు. ఆ రోజుల్లో చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్లు ఊళ్లోనే బంధువుల ఇంటికి వెళ్లి రావచ్చు.

కరణం, పెద్దమనుషులు నిర్వహించిన పాత్ర ఇప్పుడు అపార్ట్‌మెంటు సంఘానిది. పని వేళలు, లిఫ్టులో ఇసుక బస్తాలు ఎక్కించవచ్చా లేదా, మట్టిగడ్డలు సెల్లార్‌లో ఎన్నాళ్లు ఉంచవచ్చు, మెట్లకు దెబ్బ తగిలితే ఎవరు కట్టాలి అన్నవి సంఘం తీర్మానాల్లో ఉంటాయి. కొన్ని సంఘాలు ముందుగా కొంత డబ్బు డిపాజిట్‌గా తీసుకుని, మెట్లు, లిఫ్టు శుభ్రంగా అప్పజెప్పాక తిరిగి ఇస్తాయి. కబురు వాచ్‌మన్ నోట, లిఫ్టు పక్కన అంటించిన కాగితం మీద, వాట్సాప్ గ్రూపులో చేరుతుంది. ఇంటింటికీ వెళ్లి చెప్పడం మాత్రం ఇప్పటికీ వీటన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. కాగితం ఎవరో చప్పుడు చేయబోతున్నారని చెబుతుంది. గుమ్మంలో నిలబడి చెప్పినవారికి ఇబ్బంది కలిగితే ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది.

చప్పుడు మీద చట్టం

ఇంటి పని చప్పుడును దేశం మొత్తానికి డెసిబెల్ లెక్కలతో నియంత్రించినవి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ 50, 40. పరిమితిని 10 డెసిబెళ్లు మించితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. 2010 సవరణతో నివాస ప్రాంతాల్లో రాత్రిపూట చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదన్నారు. అంతకుముందు 2005లో సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం లేని జీవితాన్ని 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. 2016 నాటి నిర్మాణ వ్యర్థాల నియమాలు కూల్చిన గడ్డలను వీధిలోనో కాలువలోనో పోయకుండా చూసే బాధ్యతను ఇంటివారి మీదే పెట్టాయి.

శబ్ద నియమాలు రాత్రిని బాగానే కాపాడాయి. పగటి పనికి మాత్రం ఇంతకన్నా సన్నని కట్టడి కావాలి, అది సంఘాల చేతుల్లో ఉంది. సింగపూరు ప్రభుత్వ గృహసముదాయాల్లో గోడలు కొట్టడం వంటి మోత పనులు పనిదినాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకానే చేయాలి, శని, ఆదివారాల్లో కూడదు. జర్మనీలో చాలా భవనాల నియమావళిలో మధ్యాహ్న విశ్రాంతి వేళ విడిగా ఉంటుంది.

పంటల క్యాలెండరు

గుంటూరు సీమలో పగటి పని వేళలను ఎండ, పంట, పరీక్షలు నిర్ణయిస్తాయి. మిర్చి, పత్తి డబ్బు చేతికందేది చలికాలం చివరి నుంచి వేసవి దాకా. ముహూర్తాలు ఎక్కువగా ఉండేవీ, వాన భయం లేనివీ అవే నెలలు. అందుకే ఇంటి పనులన్నీ అప్పుడే మొదలవుతాయి. ఊళ్లలో ఎర్రమిరపకాయలు కళ్లాల్లో, డాబాల మీద ఆరేదీ అప్పుడే. ఆరుతున్న కాయ మీద సిమెంటు దుమ్ము పడితే రంగు చెడుతుంది, మిర్చి యార్డులో ధర తగ్గుతుంది. కాబట్టి పల్లెల్లో పక్క డాబా మీద కాయలు ఉన్నంతకాలం గోడలు పగలగొట్టే పని వాయిదా వేసుకోవడం, లేదా కాయలు ఎత్తేందుకు రెండు రోజుల ముందు చెప్పడం మర్యాద.

పట్టణాల్లో మిరపకాయల స్థానం పరీక్షలది. ఇంటర్, పదో తరగతి పరీక్షలు వేసవి మొదట్లోనే వస్తాయి. ఆ వారాల్లో బ్రేకరు పట్టనివ్వని సంఘాలున్నాయి. ఎండ ముదిరాక మేస్త్రీలు పొద్దున్నే పని మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నం ఆపాలని చూస్తారు. ఎండలకు పేరుపడిన రెంటచింతల ఉన్న ప్రాంతంలో ఇది కూలీల ఆరోగ్యానికి అవసరమే. కింది ఫ్లాటువారికి మాత్రం ఉదయం ఆరు గంటల సమ్మెట దెబ్బ చేదు. దీనికి వాడుకలో కుదిరిన రాజీ ఒకటుంది. పొద్దున్నే ఇసుక మోయడం, మాలు కలపడం, పూత వంటి చప్పుడు లేని పనులు చేస్తారు. తొమ్మిది దాటాక కొట్టడం, కోయడం. భోజనాల తర్వాత రెండు గంటలు యంత్రాలు ఆపుతారు. సాయంత్రం దీపాలు పెట్టేలోపు పని ముగించి, మెట్లు ఊడ్చి వెళతారు. ఈ వేళలు ఏ చట్టంలోనూ రాసి లేవు. పని పెట్టుకున్నవారు, పక్కవారు, మేస్త్రీ ముగ్గురూ ముందే కూర్చుని మాట్లాడుకున్న చోట ఇవి నిలుస్తాయి. అలా మాట్లాడుకోని చోట తగాదా మున్సిపల్ ఆఫీసుకో పోలీసు స్టేషనుకో చేరుతుంది.